నాపా లోయలో పాత రాతి గోడలు: ‘చారిత్రక కట్టడం’ అన్న బోర్డు వెనుక ఏముంది?

అమ్మ అమెరికా వచ్చినప్పుడు ఓ శనివారం కాలిఫోర్నియాలో వైన్‌కు పేరున్న నాపా లోయకు తీసుకెళ్ళాను. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, అంటే బే ఏరియాలో, ఉండే మనవాళ్ళకు ఇది అలవాటైన ప్రయాణమే. వైన్ ముట్టని పెద్దవాళ్ళు కూడా ఆ తోటలు, కొండలు చూసి సంతోషిస్తారు. కాలిస్టోగా ఊరి దగ్గర గుట్ట మీద ఒక కోట కనబడింది. బురుజులు, కందకం, దాని మీద ఎత్తుడు వంతెన అన్నీ ఉన్నాయి. “ఇది మన గోల్కొండంత పాతదా?” అని అడిగింది అమ్మ. కాదు. దాని పేరు కాస్టెల్లో ది అమొరోసా. ఇటలీలోని మధ్యయుగపు కోటల తీరులో 107 గదులతో ఎంతో శ్రద్ధగా కట్టారు. జనానికి తలుపులు తెరిచింది మాత్రం 2007లో.

అదే రోడ్డు మీద సెయింట్ హెలీనా వైపు కొన్ని మైళ్ళు వస్తే, చెట్ల నీడలో ఒక చెక్క పిండిమర ఉంటుంది. దాని నీటి చక్రం ఎత్తు 36 అడుగులు. మర కట్టింది 1846లో, అంటే కాలిఫోర్నియా ఇంకా అమెరికాలో రాష్ట్రం కాకముందు. మేం వెళ్ళినప్పుడు కోట దగ్గర కార్లు బారులు తీరి ఉన్నాయి, మర దగ్గర రెండే ఉన్నాయి.

చూపుకు ఏది పాతదో తెలియకపోవడం చిన్న సమస్య. అసలు తికమక బోర్డుల దగ్గర మొదలవుతుంది. ఒకచోట ‘నేషనల్ రిజిస్టర్’, ఇంకోచోట ‘కాలిఫోర్నియా హిస్టారికల్ లాండ్‌మార్క్ నం. 814’, మరోచోట ‘నేషనల్ హిస్టారిక్ లాండ్‌మార్క్’ అని రాసి ఉంటుంది. ఇవన్నీ ఒకటేనా? బోర్డు ఉంటే ఆ కట్టడాన్ని ఎవరూ కూల్చలేరా? భూకంపం వచ్చి గోడ పగిలితే బాగు చేయించేది ఎవరు? భూకంపాలు, కార్చిచ్చులు వచ్చిన ప్రతిసారీ అక్కడ ఈ ప్రశ్నలు లేస్తుంటాయి.

ఒక పిండిమర, ఒక పెళ్ళి, ఆపైన ద్రాక్ష

కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 1850లో ఏర్పడిన నాపా కౌంటీ జనాభా 2020 లెక్కల్లో సుమారు 1,38,000. మన దగ్గర ఒక పెద్ద మునిసిపాలిటీకి ఉండే జనం అంతే.

పిండిమర కట్టించినవాడు ఎడ్వర్డ్ బేల్ అనే ఇంగ్లీషు వైద్యుడు. కాలిఫోర్నియా మెక్సికో ఏలుబడిలో ఉన్న రోజుల్లో అక్కడ స్థిరపడి, మెక్సికో పౌరుడై, పేరున్న వలేహో కుటుంబపు అమ్మాయిని పెళ్ళాడి, పెద్ద జాగీరు సంపాదించాడు. ఆయన కూతురు కారొలైన్‌ను చార్ల్స్ క్రూగ్ అనే జర్మన్ వలసదారు చేసుకున్నాడు. పసుపు కుంకుమల కింద ఆమెతో వచ్చిన నేల మీదే 1861లో క్రూగ్ వైనరీ (వైన్ తయారుచేసే చోటు) మొదలైంది. ఆ వైనరీలో సెల్లార్ (వైన్ నిల్వ చేసే గది) పని చూసిన జేకబ్ బెరింజర్ తర్వాత అన్న ఫ్రెడరిక్‌తో కలిసి 1876లో సొంత వైనరీ పెట్టుకున్నాడు. అన్న కోసం 1884లో కట్టిన ఇల్లే ‘రైన్ హౌస్’. జర్మనీలో రైన్ నది ఒడ్డున ఉన్న మైంజ్ ఊళ్ళోని తమ పుట్టింటిని తలపించేలా కట్టించుకున్నారు. మర, పెళ్ళి, కొలువు, వలసవచ్చిన మనిషికి పుట్టింటి మీద బెంగ. ఈ లోయలోని పేరున్న కట్టడాల్లో చాలావాటి వెనుక ఇలాంటి బంధుత్వాల గొలుసే ఉంటుంది.

1880లలో వైనరీలు జోరుగా లేచాయి. హామ్డెన్ మెకింటైర్ అనే ఆయన గీసిన నమూనాలతో ఇంగిల్‌నుక్, ఫార్ నియెంటే, ఎష్కోల్ లాంటివి కట్టారు. కరెంటు లేని కాలం కాబట్టి బరువు కిందికి దిగే గుణాన్నే యంత్రంగా వాడుకున్నారు. ద్రాక్షను పై అంతస్తుకు ఎత్తి అక్కడ నలిపితే, రసం దానంతటదే కింది అంతస్తులోని తొట్లలోకి దిగి పులుస్తుంది. అక్కడినుంచి నేల మీది పీపాల్లోకి చేరుతుంది. భవనమే ఒక పనిముట్టు అన్నమాట.

తర్వాత ఫిలాక్సెరా అనే పురుగు ద్రాక్ష వేళ్ళను తినేసింది. 1920 నుంచి 1933 దాకా దేశమంతా మద్యనిషేధం. మన ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన నిషేధం రెండేళ్ళకే సడలింది. అక్కడ పదమూడేళ్ళు పైగా నిలిచింది. చర్చి పూజలకు వైన్ చేసిన బెరింజర్ లాంటి కొద్దిమంది నిలదొక్కుకున్నారు. మిగతావాళ్ళు తాళాలు వేసి వెళ్ళిపోయారు. అలా ఖాళీ పడిన రాతి కట్టడాలనే అక్కడ ‘ఘోస్ట్ వైనరీ’ అంటారు. 1885 నాటి ఫార్ నియెంటే అలా అరవై ఏళ్ళు పాడుపడి, 1979లో కొత్త యజమాని చేతికి వచ్చింది. ముఖద్వారం రాతి మీద చెక్కిన ఆ పాత పేరునే ఆయన కొత్త వైనరీకి పెట్టుకున్నాడు.

బోర్డు మీది మాటలకు అర్థాలు

అన్నిటికన్నా ఎక్కువ వినబడేది నేషనల్ రిజిస్టర్ ఆఫ్ హిస్టారిక్ ప్లేసెస్. 1966లో వచ్చిన ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) చట్టం కింద నేషనల్ పార్క్ సర్వీస్ నడిపే జాబితా ఇది. మామూలుగా కట్టడానికి యాభై ఏళ్ళు నిండాలి. ముఖ్యమైన సంఘటనతోనో వ్యక్తితోనో సంబంధం ఉండాలి, లేదా నిర్మాణంలో విశేషం ఉండాలి, లేదా తవ్వితే గతం గురించి కొత్త సంగతులు బయటపడే చోటు కావాలి. వయసు ఒక్కటే చాలదు, పాత స్వరూపం కూడా మిగిలి ఉండాలి. దీన్ని వాళ్ళు ఏడు రకాలుగా పరీక్షిస్తారు: ఉన్న చోటు, రూపకల్పన, పరిసరం, వాడిన సామగ్రి, పనితనం, చూస్తే కలిగే భావం, చరిత్రతో అనుబంధం. క్రూగ్, బెరింజర్, ష్రామ్స్‌బర్గ్, గ్రేస్టోన్ అనే వైనరీలు, బేల్ పిండిమర ఈ జాబితాలో ఉన్నాయి.

దీనికంటే పై మెట్టు నేషనల్ హిస్టారిక్ లాండ్‌మార్క్. దేశం మొత్తానికి ముఖ్యం అనుకున్నవాటికే ఇస్తారు. నేషనల్ రిజిస్టర్‌లో ఎంట్రీలు లక్షకు అటూఇటూ ఉంటే, ఈ హోదా దక్కినవి రెండున్నర వేల చిల్లర మాత్రమే.

నంబరు ఉన్న కంచు ఫలకం కనబడితే అది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే కాలిఫోర్నియా హిస్టారికల్ లాండ్‌మార్క్. బేల్ మర నం. 359, ష్రామ్స్‌బర్గ్ 561, క్రూగ్ 563, కాలిస్టోగా రైల్వే డిపో 687, బెరింజర్ 814, నాపా ఊళ్ళోని 1874 నాటి ప్రెస్బిటేరియన్ చర్చి 878. ఈ అంకెలు వరుస సంఖ్యలే అనుకుంటాం గానీ, వీటిలో ఒక మెలిక ఉంది. 770 నుంచి పైనున్న నంబర్లవి ‘కాలిఫోర్నియా రిజిస్టర్’ అనే ఇంకో జాబితాలోకి వాటంతటవే చేరతాయి. అంతకు ముందువి ఆ ఫలకం ఒక్కదాని బలంతో చేరవు. తొలి రోజుల్లో ఎంపిక నియమాలు వదులుగా ఉండటమే ఇందుకు కారణం. క్రూగ్, బేల్ మర లాంటివి నేషనల్ రిజిస్టర్‌లో కూడా ఉన్నాయి కాబట్టి ఆ దారిన చేరిపోయాయి. కాలిఫోర్నియా రిజిస్టర్‌కు ఫలకమంత పేరు లేదు, కానీ చట్టం దగ్గరికి వచ్చేసరికి ఫలకం కన్నా దానికే పట్టు ఎక్కువ. ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది.

వీటికి తోడు చాలా నగరాలకు సొంత జాబితా, సొంత ఆర్డినెన్స్ (స్థానిక చట్టం) ఉంటాయి.

వైన్ కౌంటీలో అత్యున్నత హోదా ఎవరి ఇంటికి?

నాపా కౌంటీలో నేషనల్ హిస్టారిక్ లాండ్‌మార్క్ హోదా ఉన్నది ఒక్కటే. అది వైనరీ కాదు. సెయింట్ హెలీనా దగ్గరున్న ఎల్మ్స్‌హేవెన్ అనే ఇల్లు. సెవెంత్ డే అడ్వెంటిస్ట్ సంఘాన్ని స్థాపించినవాళ్ళలో ఒకరైన ఎలెన్ వైట్ 1900 నుంచి 1915లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. మద్యం ముట్టవద్దని జీవితమంతా బోధించిన మనిషి ఆమె. 1993లో ఆ ఇంటికి ఈ హోదా వచ్చింది. మన నూజివీడులోని గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి ఆ సంఘం వాళ్ళదే. ఆ ఊరివాళ్ళు ఎల్మ్స్‌హేవెన్‌కు వెళ్తే, తాము చిన్నప్పటి నుంచీ ఎరిగిన సంస్థ పుట్టుపూర్వోత్తరాలు అక్కడ కనబడతాయి.

ఎల్మ్స్‌హేవెన్ ఒక అపోహను తొలగిస్తుంది. హోదా అందానికీ, వ్యాపారానికీ, సందర్శకుల సంఖ్యకూ కొలమానం కాదు. గ్రేస్టోన్ దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది, రైన్ హౌస్ అందమైనది. అడిగే ప్రశ్న వేరు: దేశ చరిత్రలో ఏ ముక్క ఈ గోడల మధ్య జరిగింది?

జాబితాలో ఉంటే కూల్చకూడదా?

మనకు పురావస్తు శాఖ నీలం బోర్డు బాగా తెలుసు. 1958 నాటి చట్టం కింద రక్షిత కట్టడం అంటే దాన్ని ముట్టుకోకూడదు, చుట్టూ వంద మీటర్లలో కొత్త నిర్మాణం కూడదు, ఆ తర్వాత ఇంకో రెండు వందల మీటర్లలో అనుమతి తీసుకోవాలి. అదే లెక్కతో నేషనల్ రిజిస్టర్‌ను చూస్తే పొరపడతాం.

ఒక ఉదాహరణ అనుకుందాం. లోయలో ఒక రైతుకు 1885 నాటి రాతి సెల్లార్ ఉంది, అది నేషనల్ రిజిస్టర్‌లో ఉంది. ఆయన సొంత డబ్బుతో దాన్ని కూల్చాలనుకుంటే ఫెడరల్ చట్టం అడ్డుపడదు. రిజిస్టర్ ఒక గౌరవం, ఒక రికార్డు, అంతే. అసలు యజమాని అభ్యంతరం చెబితే ప్రైవేటు ఆస్తిని జాబితాలో చేర్చనే చేర్చరు. 1980 సవరణ తర్వాత ఇదే పద్ధతి.

ఇప్పుడు అదే రైతు సెల్లార్ తీసేసి అతిథి గృహం కడతానని కౌంటీని అనుమతి అడిగాడనుకోండి. ఆ అనుమతి ఇవ్వాలా వద్దా అన్న విచక్షణ అధికారులకు ఉంటే, కాలిఫోర్నియా పర్యావరణ చట్టం రంగంలోకి వస్తుంది. 1970 నాటి ఈ చట్టం దృష్టిలో కాలిఫోర్నియా రిజిస్టర్‌లో ఉన్న కట్టడం కూడా పర్యావరణంలో భాగమే. దాన్ని కూల్చడం గణనీయమైన నష్టం. నివేదిక రాయించాలి, ప్రత్యామ్నాయాలు చూపాలి, జనం మాట వినాలి. అన్నీ అయ్యాక కూడా, ప్రయోజనం నష్టాన్ని మించుతుందని రాతపూర్వకంగా చెప్పి కౌంటీ అనుమతి ఇచ్చెయ్యవచ్చు. నేరుగా ‘కూల్చకూడదు’ అనే అధికారం స్థానిక ఆర్డినెన్స్‌కే ఉంటుంది, అదీ ఊరిని బట్టి మారుతుంది. పేరులో ‘నేషనల్’ ఉన్న బోర్డు కన్నా మునిసిపల్ ఆఫీసు కాగితానికే బలం ఎక్కువ.

మరి జాబితాలో చేరడం ఎందుకు? ఒక కారణం డబ్బు. ఆదాయం తెచ్చే చారిత్రక భవనాన్ని నిర్దేశించిన ప్రమాణాల ప్రకారం బాగు చేయిస్తే, అర్హమైన ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్నులోంచి తగ్గుతుంది. పది లక్షల డాలర్లు పెడితే రెండు లక్షలు, ఐదేళ్ళలో సర్దుబాటు. సొంతంగా కాపురం ఉండే ఇంటికి ఇది వర్తించదు. అలాంటివాళ్ళకు మిల్స్ చట్టం అనే రాష్ట్ర చట్టం ఉంది. స్థానిక ప్రభుత్వంతో కనీసం పదేళ్ళ ఒప్పందం రాసుకుని ఇంటిని పాత తీరులోనే చూసుకుంటే ఆస్తి పన్ను తగ్గుతుంది. స్థానిక ప్రభుత్వం ఆ పథకంలో చేరి ఉంటేనే.

2014 భూకంపం: ఒక పోస్టాఫీసు, ఒక చెక్క వైనరీ

2014 ఆగస్టు 24 తెల్లవారుజామున 3.20కి 6.0 తీవ్రతతో నాపా కంపించింది. ఆ ఒక్క కుదుపు ఈ చట్టాలన్నిటికీ పరీక్ష పెట్టింది.

నాపా ఊరి నడిబొడ్డున ఫ్రాంక్లిన్ స్టేషన్ పోస్టాఫీసు ఉంది. 1933లో ఆర్ట్ డెకో శైలిలో కట్టిన ఇటుక భవనం, నేషనల్ రిజిస్టర్‌లో ఉన్నదే. దాని గోడలు బాగా చీలిపోయాయి. బాగు చేయడానికి సుమారు 80 లక్షల డాలర్లు, కూల్చడానికి సుమారు 5 లక్షలు అని లెక్కగట్టిన తపాలా శాఖ 2015లో కూల్చివేత ప్రతిపాదన పెట్టింది. రైతు సెల్లార్‌కు లేని అడ్డు ఇక్కడ ఉంది. ఇది ఫెడరల్ ఆస్తి. ఫెడరల్ సంస్థ తన చర్య వల్ల చారిత్రక కట్టడానికి కలిగే నష్టాన్ని ముందే తూచాలని, సంబంధిత అధికారులతో, ప్రజలతో సంప్రదించాలని 1966 చట్టంలోని 106వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్ ‘కూల్చవద్దు’ అనదు. ‘ఆగి ఆలోచించు’ అంటుంది. ఆగిన ఆ వ్యవధిలోనే ఊరివాళ్ళు గొంతెత్తారు, పరిరక్షణ సంఘాలు వచ్చాయి, కొనేవాళ్ళు ముందుకొచ్చారు. 2017లో భవనం ప్రైవేటు చేతికి వెళ్ళింది, కూల్చివేత తప్పింది.

తపాలా శాఖ వాదనలో న్యాయం లేకపోలేదు. ఉత్తరాలు అందించడానికి ఉన్న డబ్బును ఒక పాత భవనం గోడలకు పెట్టాలా అన్నది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. అవతలివాళ్ళ జవాబూ గట్టిదే: రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూసేది ఒక్క శాఖ ఖర్చు మాత్రమే, ఊరు పోగొట్టుకునేదానికి ఆ లెక్కలో గడే లేదు. నా మనసు ఊరివాళ్ళ వైపే మొగ్గుతుంది. ఒకసారి కూల్చాక తిరిగి ఆలోచించే వీలు ఉండదు.

రెండో కథ ఎష్కోల్‌ది. మెకింటైర్ 1886లో చెక్కతో కట్టిన మూడంతస్తుల వైనరీ, ఇప్పుడు ట్రెఫెథెన్ కుటుంబానిది. భూకంపానికి భవనం మొత్తం నాలుగడుగులు పక్కకు ఒరిగింది. దూరంనుంచి చూసినా ఆ వాలు తెలిసేది. కూలిపోతుందనే అనుకున్నారు చాలామంది. యజమానులు తీసెయ్యలేదు. ముందు ఉక్కు ఆసరాలు పెట్టారు, మెల్లగా నిలువునా లాగారు, లోపల కొత్త ఉక్కు చట్రం అమర్చారు. 2017లో తిరిగి తెరిచారు. పాత దూలాలు అలాగే కనబడతాయి, వాటి పక్కనే కొత్త ఉక్కు కూడా.

ఇక్కడే పరిరక్షకుల్లో భేదాభిప్రాయం ఉంది. పాతదాన్ని పాత పనితనంతోనే నిలపాలని, ఉక్కు చేరిన కొద్దీ ‘సామగ్రి’, ‘పనితనం’ అనే కొలమానాల్లో మార్కులు తగ్గుతాయని కొందరంటారు. కొత్తది కొత్తదిగానే కనబడనివ్వాలి, పాతదాన్ని అనుకరించి చూసేవాళ్ళను భ్రమపెట్టకూడదని ఫెడరల్ ప్రమాణాలే చెబుతున్నాయని మరికొందరు. భూకంపాల నేల మీద బలపరచకుండా వదిలేస్తే, మార్కులు వేయడానికి కట్టడమే మిగలదు.

కట్టడాన్ని కాచేది భూమి చట్టమా?

రాతి వైనరీ చుట్టూ తోట పోయి ఇళ్ళు వస్తే ‘పరిసరం’ పోయినట్టే. ఆ పరిసరాన్ని కాపాడింది చారిత్రక కట్టడాల చట్టం కాదు. 1968లో నాపా కౌంటీ తెచ్చిన వ్యవసాయ రక్షిత మండలం. అమెరికాలో అలాంటిది అదే మొదటిది. లోయ నేలను మొదట 20 ఎకరాల కన్నా, తర్వాత 40 ఎకరాల కన్నా చిన్న ముక్కలుగా చేయకూడదన్నారు. తమ భూమిని ముక్కలు చేసి అమ్ముకునే హక్కు పోతుందని కొందరు రైతులు గట్టిగా ఎదిరించారు. కావాలన్నవాళ్ళు దక్షిణాన శాంటా క్లారా లోయను చూపించారు. ఇవాళ మనవాళ్ళు వేల సంఖ్యలో ఉంటున్న శాన్ హోసే చుట్టుపక్కల ప్రాంతం అదే. ఒకప్పుడు అదంతా ఆల్‌బుకరా, ఆప్రికాట్ తోటలు. 1990లో నాపా ఓటర్లు ఇంకో ముడి వేశారు. వ్యవసాయ భూమి వాడకం మార్చాలంటే ప్రజల ఓటు కావాలన్నారు. 2008లో దాన్ని 2058 వరకు పొడిగించారు.

దీనివల్ల భూమి ధర ఆకాశానికంటింది, తోటల్లో పనిచేసేవాళ్ళకు అక్కడ ఇల్లు దొరకడం కష్టమైంది అన్న విమర్శ ఉంది. అది కూడా నిజమే.

ఆ 1990లోనే వైనరీ అంటే ఏమిటో నిర్వచిస్తూ కౌంటీ ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. కొత్త వైనరీకి కనీసం పది ఎకరాలు ఉండాలి, వాడే ద్రాక్షలో 75 శాతం నాపాదే కావాలి, సందర్శకులు ముందే చెప్పి రావాలి. అప్పటికే నడుస్తున్నవాళ్ళ పాత హక్కులు అలాగే ఉన్నాయి. అందుకే పాడుపడ్డ సెల్లార్‌ను మళ్ళీ తెరవడమంటే గోడలు నిలబెట్టడంతో తీరే పని కాదు. రోజుకు ఎన్ని కార్లు, ఎంత నీరు, ఎన్ని విందులు అన్న లెక్కలన్నీ తేలాలి. వ్యాపారం చేయనివ్వకపోతే కప్పు బాగు చేయించే డబ్బు ఎక్కడినుంచి వస్తుందని యజమాని అడుగుతాడు. చరిత్ర పేరుతో పల్లె దారిలోకి రద్దీ తెస్తున్నారని పొరుగువాళ్ళు అంటారు. 1889 నాటి గ్రేస్టోన్‌లో 1995 నుంచి వంటల కళాశాల నడుస్తోంది, యౌంట్‌విల్‌లో 1870 నాటి గ్రోజింగర్ ఇటుక వైనరీలో దుకాణాలున్నాయి. వైన్ పోయినా గోడలు మిగిలాయి. ఏదో ఒక పనిలో ఉన్న కట్టడమే నిలుస్తోందని ఈ లోయ చూసినకొద్దీ నాకు అనిపిస్తుంది.

బోర్డు ఎక్కని చేతులు

బెరింజర్ వైనరీ వెనుక కొండలోకి తవ్విన సొరంగాల్లో గోడ మీద చెయ్యి పెడితే గరుకుగా గుంటలు గుంటలుగా తగులుతుంది. పలుగుల దెబ్బలవి. తవ్వింది చైనా కూలీలు. 1882లో చైనా కూలీల వలసను నిషేధించే చట్టం వచ్చింది. నాపా ఊళ్ళో వాళ్ళుండే పేట తర్వాతి కాలంలో కూల్చేశారు. రైన్ హౌస్ కట్టించుకున్నవాళ్ళ పేర్లు అందరికీ తెలుసు. సొరంగం తవ్వినవాళ్ళ పేర్లు ఏ ఫలకం మీదా లేవు. వాళ్ళకన్నా వేల ఏళ్ళ ముందు నుంచీ లోయలో ఉన్న వాపో జాతివాళ్ళు సెయింట్ హెలీనా దగ్గరి గ్లాస్ మౌంటెన్ నుంచి నల్లని గాజురాయి తీసి బాణపు మొనలు చెక్కుకున్నారు. వాళ్ళ చోట్లు ఎక్కువగా మట్టిలోనే ఉన్నాయి. రిజిస్టర్‌లో ‘తవ్వితే సంగతులు తెలిసే చోటు’ అన్న అర్హత ఇలాంటివాటికోసమే.

జాబితా కన్నా ముందే పోయినవి మరికొన్ని. కౌంటీ తూర్పున మాంటిసెల్లో అనే ఊరు ఉండేది. దాని దగ్గర ప్యూటా వాగు మీద 1896లో మూడు కమానుల రాతి వంతెన కట్టారు. 1957లో ఆనకట్ట పూర్తయి ఊరు బెర్రియెస్సా జలాశయంలో మునిగింది. ఇళ్ళు ముందే పడగొట్టారు, సమాధులు వేరేచోటికి తరలించారు. వంతెనను మాత్రం వదిలేశారు. పాత కట్టడాల చట్టం వచ్చేసరికి అది నీళ్ళ కింద తొమ్మిదేళ్ళు గడిపేసింది. ఇప్పటికీ అక్కడే ఉంది.